ముందు గూడు, తర్వాతే గుండు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆఫీసులో మీతోపాటు పనిచేసే ముప్పై నాలుగేళ్ల అమెరికన్ మహిళ ఉద్యోగం వదిలేసి బౌద్ధ సన్యాసిని అవుతానంటోంది. "మన సన్యాసంలాగా ఒక గురువు దగ్గర కాషాయం పుచ్చుకుంటే అయిపోతుందా? ఎన్నాళ్లు పడుతుంది? తిండీ బట్టా ఎవరు చూస్తారు? మధ్యలో బెడిసికొడితే? వెళ్లేటప్పుడు ఏమివ్వాలి?"

ఒక్కరోజులో అయ్యేది గుండు ఒక్కటే. మిగతాదానికి అయిదు నుంచి ఎనిమిదేళ్లు వేసుకోండి. దీక్ష పుచ్చుకుని నాలుగేళ్లు తిరక్కుండా వెనక్కి వచ్చేసిన పాశ్చాత్య మహిళలకు తక్కువైంది చాలాసార్లు భక్తీ కాదు, పట్టుదలా కాదు. దీక్ష మర్నాడు ఎక్కడ పడుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి, పన్ను నొప్పి వస్తే ఎవరు డబ్బు కడతారు అన్నవి ముందు తేల్చుకోకపోవడమే. కాబట్టి ఆమెను "ఏ గురువు?" అని అడిగే ముందు "ఏ ఆశ్రమం?" అని అడగండి.

సంప్రదాయాలు మూడున్నాయని తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. శ్రీలంక, థాయిలాండ్, బర్మాలది థేరవాదం. భిక్షుణికి, అంటే పూర్తి దీక్ష తీసుకున్న సన్యాసినికి, 311 నియమాలు. చైనా, తైవాన్, కొరియా, వియత్నాంలలో ధర్మగుప్తక వినయం (వినయమంటే ఇక్కడ సన్యాసుల నియమావళి), 348. టిబెటన్లది మూలసర్వాస్తివాదం, 364. చిక్కు ఎక్కడంటే, భిక్షుణి దీక్ష ఇవ్వాలంటే అప్పటికే భిక్షుణులు ఉండాలి. శ్రీలంకలో ఆ పరంపర సుమారు వెయ్యేళ్ల కిందట తెగిపోయింది. టిబెట్‌లో అసలు స్థిరపడనే లేదు. తెగకుండా నిలిచింది చైనా పరంపర ఒక్కటే. దానికి మూలం మళ్లీ శ్రీలంకే: అయిదో శతాబ్దంలో, 433 ప్రాంతంలో, దేవసార అనే భిక్షుణి బృందంతో ఓడెక్కి వెళ్లి నాన్‌జింగ్‌లో మూడువందల మందికి పైగా స్త్రీలకు దీక్ష ఇచ్చింది. (ఇవి మనకు మరీ పరాయి సంగతులేం కావు. పల్నాడు జిల్లా అమరావతి స్తూపానికి రాతి పలకలు చేయించినవాళ్ల పేర్లలో భిక్షుణులూ ఉన్నారు.)

అందుకే టిబెటన్ సంప్రదాయంలోని పాశ్చాత్య మహిళలు శ్రామణేరి దీక్ష, అంటే తొలి దీక్ష, లామా దగ్గర తీసుకుని, పూర్తి దీక్షకు హాంగ్‌కాంగ్, తైవాన్ వెళ్తారు. మొదట వెళ్లింది ఫ్రీడా బేడీ, 1972లో. ఇంగ్లండ్‌లోని డెర్బీలో పుట్టి, పంజాబీని పెళ్లాడి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లిన మనిషి. నటుడు కబీర్ బేడీ తల్లి. 1973లో తెంజిన్ పాల్మో, 1981లో పేమా చోద్రోన్, 1986లో థుబ్తెన్ చోద్రోన్ అదే బాట పట్టారు. థేరవాదంలో తెగిన దారం 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో తూర్పు ఆసియా భిక్షుణుల సాయంతో మళ్లీ ముడిపడింది. ఆ ముడి చెల్లదనే థాయి, బర్మా పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. 2009 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బోధిన్యాన ఆశ్రమంలో నలుగురికి భిక్షుణి దీక్ష ఇచ్చినందుకు, పది రోజుల్లోనే థాయిలాండ్‌లోని మాతృ ఆశ్రమం వాట్ పా పాంగ్ వాళ్లను తన శాఖల జాబితాలోంచి తీసేసింది. భూటాన్‌లో మాత్రం 2022 జూన్‌లో 144 మందికి ప్రధాన మఠాధిపతి చేతుల మీదుగానే పూర్తి దీక్ష జరిగింది. మీ సహోద్యోగి ఏ గుమ్మం తట్టినా ఈ గొడవ ఎంతో కొంత తగులుతుంది. ముందే తెలిసి వెళ్లడం మేలు.

తెంజిన్ పాల్మో కథ అందరూ చెబుతారు, గుహ కోసం. లండన్ పిల్ల, పుట్టింది 1943లో. 1964లో డల్హౌసీకి వచ్చింది, ఇరవై ఒకటో పుట్టినరోజున ఖమ్‌త్రుల్ రింపోచే అనే టిబెటన్ గురువును చూసింది, మూడు వారాల్లో శ్రామణేరి అయింది. 1976 నుంచి 1988 వరకు లాహౌల్‌లో 13,200 అడుగుల ఎత్తున, పదడుగుల వెడల్పు, ఆరడుగుల లోతున్న గుహలో ఉంది. రెండున్నర అడుగుల చదరపు చెక్కపెట్టెలో కూర్చునే నిద్ర. ఆలుగడ్డలు, టర్నిప్‌లు తనే పండించుకునేది. దీక్షకు వెళ్లేవాళ్లు చదువుకోవలసింది మాత్రం గుహ కాదు, అంతకు ముందు గురువు దగ్గర గడిపిన తొలి ఆరేళ్లు. దాదాపు వందమంది భిక్షువుల మధ్య ఒక్కతే సన్యాసిని. వాళ్లతో కలిసి ఉండడానికి లేదు, తినడానికి లేదు, వాళ్లు నేర్చుకునే విద్య ఈమెకు చెప్పేవాళ్లు లేరు. గురువు దొరికాడు, సంఘం దొరకలేదు. 2000లో ఆమె కాంగ్రా లోయలో దొంగ్యు గత్సల్ లింగ్ అనే సన్యాసినుల మఠం పెట్టింది ఆ కొరత తీర్చడానికే. గుహలో చివరి మూడేళ్ల కఠిన ఏకాంతానికి తెర దించింది కూడా ఆధ్యాత్మిక కారణమేమీ కాదు. వీసా సంగతి తేల్చమని పోలీసు గుహ దాకా వచ్చి తలుపు తట్టాడు.

ఇక మెట్లు. వినయం గట్టిగా పాటించే ఆశ్రమాలలో, అంటే ఆస్ట్రేలియాలోని ధమ్మసార, అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో థుబ్తెన్ చోద్రోన్ 2003లో పెట్టిన శ్రావస్తి ఆశ్రమం లాంటి చోట్ల, వరస ఇంచుమించు ఒకటే.

మొదట అతిథి. తొలిసారి వారం పది రోజులకు మించి ఉంచుకోరు. పొద్దున నాలుగున్నరకో అయిదుకో గంట, పఠనం, ధ్యానం, ఆపైన కూరగాయలు తరగడం, మరుగుదొడ్లు కడగడం, ఆకులు ఊడ్వడం. పది రోజుల మౌన శిబిరంలో కదలకుండా కూర్చున్న మనిషి ఇక్కడ మూడోసారి వచ్చేసరికి కుతకుతలాడడం మామూలే. బాధ ధ్యానంతో కాదు, పక్కన నిలబడి గిన్నెలు తప్పుగా తోముతున్న ఇంకో మనిషితో. ఏడాదిలో కనీసం మూడు నాలుగుసార్లు, అందులో ఒకసారి చలికాలంలో, వెళ్లి ఉండమనండి. వసంతంలో ప్రతి ఆశ్రమమూ బాగానే ఉంటుంది.

తర్వాత అనాగారిక. ఎనిమిది శీలాలు (పాటించాల్సిన వ్రతనియమాలు), థేరవాదంలో తెల్లబట్టలు, కనీసం ఏడాది. అనాగారిక ఇంకా డబ్బు ముట్టుకోవచ్చు, కారు నడపవచ్చు, వంట చేయవచ్చు. కాబట్టి భిక్షుణులను దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే డ్రైవరూ ఈమే, వంటమనిషీ ఈమే. "ధ్యానానికి వస్తే పనిమనిషిని చేశారు" అన్న మాట వినిపించేది ఈ ఏడాదిలోనే. ఆశ్రమం చూస్తున్నదీ అదే.

మూడోది శ్రామణేరి, పది శీలాలు. పదోది బంగారం, వెండి ముట్టకపోవడం, అంటే ఈనాటి లెక్కలో కార్డు, ఖాతా, ఫోన్‌లో చెల్లింపు అన్నీ. టిబెటన్లు ఇవే పదిని విడగొట్టి 36గా లెక్కపెడతారు. దాచుకున్న సొమ్మంతా ఈ దశలోనే ఆశ్రమానికి రాసిచ్చేయమనే చోటు కనిపిస్తే వెనక్కి తిరిగి రమ్మనండి. పూర్తి దీక్ష దాకా తోబుట్టువుల చేతిలోనో, నమ్మకమైన స్నేహితుల చేతిలోనో పెట్టుకోమనడం మంచి ఆశ్రమం లక్షణం.

నాలుగోది శిక్షమాణ. రెండేళ్లు, ఆరు నియమాలు: ప్రాణం తీయకపోవడం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, అబద్ధం ఆడకపోవడం, మత్తు ముట్టకపోవడం, మధ్యాహ్నం దాటాక తినకపోవడం. ఒక్కటి తప్పినా రెండేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సాయంత్రం ఆకలి గురించి అందరూ భయపడతారు గానీ అది మూడు నెలల్లో సర్దుకుంటుంది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం పాత వినయంలోనే ఔషధాలుగా అనుమతించినవి. ఇంగ్లండ్ అటవీ ఆశ్రమాలలో ఆ లెక్కలోనే సాయంత్రం జున్నుముక్కా, పాలు కలపని చాక్లెట్టూ ఇస్తారు.

ఆ తర్వాతే ఉపసంపద, పూర్తి దీక్ష. థేరవాదంలో రెండుసార్లు జరగాలి, మొదట భిక్షుణీ సంఘం ముందు, తర్వాత భిక్షు సంఘం ముందు. ఇది మన దీక్షల్లాగా గురువు చెవిలో మంత్రం చెప్పడం కాదు, సభ తీర్మానం. పాత్ర, అయిదు వస్త్రాలు చూపించి ఇవి నీవేనా అని అడుగుతారు. సభకు కాస్త ఎడంగా తీసుకెళ్లి ఒకసారి, సభ మధ్యకు తెచ్చి ఇంకోసారి ఇరవై నాలుగు ప్రశ్నలు వేస్తారు. కుష్ఠు ఉందా, గడ్డలున్నాయా, తామర, క్షయ, మూర్ఛ ఉన్నాయా? బుద్ధుడి కాలపు వైద్యుడు జీవకుడి చేత ఉచితంగా వైద్యం చేయించుకోవడానికి జనం సంఘంలో చేరి, జబ్బు నయమయ్యాక వెళ్లిపోవడం మొదలెట్టాక పుట్టిన ప్రశ్నలివి. నువ్వు మనిషివేనా? ఒక నాగుడు మనిషి రూపంలో దీక్ష తీసుకుని, నిద్రలో అసలు రూపంతో దొరికిపోయిన కథ దీని వెనుక ఉంది. స్వతంత్రురాలివేనా, అప్పులున్నాయా, రాజు కొలువులో ఉన్నావా, తల్లిదండ్రులూ భర్తా ఒప్పుకున్నారా, ఇరవయ్యేళ్లు నిండాయా? తర్వాత ఒక ప్రతిపాదన, మూడుసార్లు ప్రకటన. అభ్యంతరమున్నవాళ్లు మాట్లాడాలి, మౌనమే అంగీకారం. అది కాగానే నీడ కొలిచి సమయం రాసిపెడతారు. జీవితాంతం ఎవరికి ఎవరు మొక్కాలి, భోజనం వరసలో ఎవరు ముందు అన్నది తేల్చేది ఆ నిమిషమే. వయసూ, చదువూ, పాత జీతమూ లెక్కలోకి రావు.

ఈ ప్రశ్నల్లో అమెరికన్లు తట్టుకుని పడేది అప్పు దగ్గర. చదువుకు తీసుకున్న రుణం ఇంకా ఉంటే దీక్ష లేదు. క్రెడిట్ కార్డు, ఇంటి లోను కూడా అంతే. మీ సహోద్యోగి ఈ రోజు మొదలుపెట్టవలసిన పని పాళీ భాష కాదు, రుణం తీర్చడం. పెళ్లయి ఉంటే విడాకులు కాగితం మీద పూర్తవ్వాలి. చిన్నపిల్లలుంటే చాలా ఆశ్రమాలు తీసుకోవు. యాభై దాటినవాళ్లను తీసుకోవడానికి కూడా కొన్నిచోట్ల వెనకాడతారు, ఎందుకంటే ఇరవయ్యేళ్ల తర్వాత మంచం పట్టేది వాళ్లే, చూసుకోవలసింది చిన్నవాళ్లు. మందులతో అదుపులో ఉన్న మానసిక సమస్య ఉంటే దాచకుండా చెప్పాలి. చెప్పినందుకు కాదనే చోట్లున్నాయి, నిజమే. దాచిపెట్టి వెళ్లి నిద్ర తక్కువ, మాట తక్కువ, ఏకాంతం ఎక్కువ ఉన్నచోట కూలబడడం అంతకంటే ఘోరం.

వస్త్రాల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే అటవీ ఆశ్రమాల్లో ఇవి కొనుక్కోరు, కుట్టుకుంటారు. మగధలోని వరిమళ్లు చూపించి ఇలా చేయగలవా అని బుద్ధుడు ఆనందుడిని అడిగితే ఆయన వేసిన నమూనా అది. పై చీవరాన్ని, అంటే సన్యాసి వస్త్రాన్ని, పరిచి చూడండి: పెద్ద మడులు, చిన్న మడులు, మధ్యన గట్లు, నీటి కాలువల్లా నిలువు పట్టీలు. నిలువు వరసలు ఎప్పుడూ బేసి సంఖ్యే, అయిదు, ఏడు, తొమ్మిది. గుడ్డను ముక్కలు చేసి అతకడం అందం కోసం కాదు. కోసిన గుడ్డకు అమ్మకం విలువ ఉండదు, దొంగకు పనికిరాదు. అన్నిటికీ పైన కప్పుకునే సంఘాటి రెండు పొరలు. కొత్తవాళ్లు చేసే తప్పు కుట్టాక ఉతకడం. నూలు కుంచించుకుని గట్లన్నీ ముడతలు పడతాయి, విప్పి మళ్లీ కుట్టాలి. ముందు వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, ఆరబెట్టి, ఆపైన కొలవాలి. భిక్షువుకు మూడు వస్త్రాలైతే భిక్షుణికి రొమ్ముకట్టు, స్నానవస్త్రం కలిపి అయిదు.

టిబెటన్ దారి పైకి సులువుగా కనిపిస్తుంది, ప్రమాదమూ అక్కడే. లామా ఊరికి వస్తాడు, మనసు కరుగుతుంది, నెలలో గుండు, మెరూన్ బట్టలు. కానీ పాశ్చాత్య దేశాలలో టిబెటన్ కేంద్రాలు ఎక్కువగా గృహస్థుల కేంద్రాలు. సన్యాసినిని పోషించే పద్ధతి అక్కడ లేదు. గది అద్దె, బోధనలకు రుసుము, ఆరోగ్య బీమా అన్నీ ఆమే కట్టుకోవాలి. దాంతో జుట్టు పెంచుకుని, మామూలు బట్టలు వేసుకుని ఉద్యోగానికి వెళ్లినవాళ్లున్నారు. పగలు ఆఫీసు, రాత్రి కాషాయం రెండూ ఒక ఒంటి మీద ఎన్నాళ్లో నిలవవు. దీక్ష ఇచ్చే ముందు "నువ్వు ఎక్కడ ఉంటావు?" అని అడగని గురువు ఎంత గొప్పవాడైనా ఈ విషయంలో అజాగ్రత్తపరుడేనని నా అభిప్రాయం.

ఇండియా వచ్చి చదువుకుంటానంటే సాధ్యమే. ధర్మశాల దగ్గర సిద్ధ్‌పూర్‌లో థోసామ్‌లింగ్ అనే మఠం విదేశీ సన్యాసినుల కోసమే ఉంది. జర్మనీలో పుట్టిన కెల్సాంగ్ వాంగ్మో ధర్మశాలలో వాదవిద్యంతా భిక్షువులతో కూర్చుని చదివి 2011లో గెషే పట్టం (టిబెటన్ బౌద్ధ విద్యలో అత్యున్నతమైనది) అందుకున్న తొలి మహిళ అయింది. మాట్లాడే టిబెటన్ వేరు, గ్రంథభాష వేరు. రెండూ పట్టుబడడానికే ఏళ్లు పడుతుంది. వీసా మాత్రం తలనొప్పి. పర్యాటక వీసా మీద ఏళ్ల తరబడి చదువు కుదరదు. కర్ణాటకలోని బైలకుప్పె లాంటి టిబెటన్ స్థావరాలలో రాత్రి ఉండాలంటే విదేశీయులకు ప్రత్యేక అనుమతి కావాలి, అది నెలల ముందే పెట్టుకోవాలి.

మధ్యే మార్గాలూ ఉన్నాయి. థాయిలాండ్‌లో మే చీలు, శ్రీలంకలో దశశీల మాతలు, బర్మాలో గులాబిరంగు బట్టల తిలాషిన్‌లు పూర్తి భిక్షుణులు కారు, అయినా జీవితాంతం అలాగే గడిపేస్తారు. ఇంగ్లండ్‌లోని అమరావతి ఆశ్రమంలో (మన అమరావతి కాదు, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1984లో పెట్టింది) ఉండే శీలధరలు కూడా దశశీల సన్యాసినులే. అక్కడ 2009లో, శీలధర ఎంత పెద్దదైనా నిన్న చేరిన భిక్షువు కంటే కిందేనని అయిదు అంశాలుగా ఖరారు చేశారు. కొందరు బయటికొచ్చి తర్వాత అమెరికాలో పూర్తి దీక్ష తీసుకున్నారు. మొక్కే వరస దగ్గర మనసు చివుక్కుమనే మనిషైతే ఈ సంగతి మొదటి సందర్శనలోనే సూటిగా అడగాలి. తలవంచితే పోయేదేముందని అప్పుడు అనిపించినది పదో ఏడు గొంతులో ముల్లవుతుంది. అసలు జీవితాంతం అన్న మాటే భయపెడితే, ప్లమ్ విలేజ్ సంప్రదాయంలో అయిదేళ్లకే తీసుకునే దీక్ష ఉంది.

బెడిసికొడితే? అనాగారిక, శ్రామణేరి దశల్లో నిశ్చింతగా తిరిగి రావచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ దశలున్నదే అందుకు. పూర్తి దీక్ష తర్వాత కూడా వదిలేయవచ్చు. కానీ భిక్షువు వదిలేసి మళ్లీ దీక్ష తీసుకోవచ్చు, థేరవాద వినయం ప్రకారం భిక్షుణికి ఆ జన్మలో రెండో అవకాశం లేదు. అన్యాయమా అంటే అన్యాయమే. అందుకే శిక్షమాణగా ఉండే ఆ రెండేళ్లను కుదించమని అడగకూడదు.

ఇవ్వడానికి నగదు వద్దు, ముట్టుకోదు. నూలు గుడ్డ, సూదులు, గట్టి దారం, మంచి చెప్పులు, టార్చిలైటు, లేదా ఆశ్రమం దంతవైద్య నిధికి చెక్కు. థేరవాదంలో చేరితే ఆమెను అందరూ "అయ్యా" అని పిలుస్తారు. పాళీలో అది ఆర్య అన్న మాట నుంచి వచ్చిన స్త్రీవాచకం. మన చెవికి మగాణ్ణి పిలిచినట్టుంటుంది, అలవాటవుతుంది. కలవడానికి వెళ్తే భోజనం తీసుకెళ్లండి, మధ్యాహ్నం లోపు. ఆ మధ్యాహ్నం గడియారంలో పన్నెండు కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. అమెరికాలో వేసవి సమయం నడిచేటప్పుడు దాదాపు ఒంటిగంట అవుతుంది. పళ్లెం బల్ల మీద పెట్టి తినమనకండి, చేతికి అందించండి, లేకపోతే ఆమె తినకూడదు. గింజలున్న పండు ఇస్తే "కప్పియం కరోహి" అంటుంది, తినదగినదిగా చేయమని. కమలాపండు తొక్క మీద కత్తితో చిన్న గాటు పెట్టి "కప్పియం అయ్యే" అనండి, చాలు.